పట్టాలున్నవి, పంట యేది?

సికిందరాబాదు మోండా మార్కెటులో పసుపు కొనుచున్న గృహిణికి, తెగిన వ్రేలిపై పసుపు నద్దవలెనని యెవ్వరును బోధింప నక్కరలేదు. తల్లి చేసిన పనినే యామె చేయుచున్నది. ఆ తల్లికి నామె తల్లి చెప్పినది. తరతరములుగా పోపులపెట్టెలో నున్న యీ వైద్యమును నూతన కల్పనమని యెంచి, 1995 మార్చిలో అమెరికా పేటెంటు కార్యాలయమువారు మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్యకేంద్రమునకు హక్కుపత్ర మొసంగిరి. సి.ఎస్.ఐ.ఆర్. అని ప్రసిద్ధమైన మన శాస్త్ర, పారిశ్రామిక పరిశోధన మండలి 1996లో దానిని ప్రతిఘటించెను. సంస్కృత గ్రంథములు, ఉర్దూ, హిందీ పుస్తకములు, 1953లో భారత వైద్యసంఘ పత్రికలో వెలువడిన వ్యాసము మొదలుగా 32 సాక్ష్యములను మండలివారు చూపిరి. 1997 ఆగస్టులో ఆ కార్యాలయము తా నిచ్చిన హక్కును తానే త్రోసిపుచ్చెను.

ఈ విజయము దేశమునకు మేల్కొలుపైనది. సంప్రదాయ విజ్ఞానమును విదేశీ పేటెంటు పరీక్షకులు చదువగల భాషలలో పొందుపరచు డిజిటల్ భాండారము 2001లో ఆరంభమైనది. వేపనూనెపై యూరపులో నొసంగిన పేటెంటు 2000లో రద్దయి, 2005లో అప్పీలునందును ఆ తీర్పే నిలిచినది. సంప్రదాయ విజ్ఞానము పేటెంటునకు తగదను నిబంధన మన చట్టమున చేరినది. పరులు మన సొత్తును తమదని చెప్పికొనకుండ కాపలా కాయుట నేర్చితిమి. సంతోషమే. కాని కాపలా కాయుట వేఱు, సేద్యము చేయుట వేఱు. మన పరిశోధనాలయములలో ప్రజాధనముతో పుట్టుచున్న నూతన కల్పనములను మనము సేద్యము చేయుచున్నామా? ఇదియే నేడు మేము మా పాఠకుల ముందుంచ దలచిన ప్రశ్న.

ఈ ప్రశ్న నడుగుటకు జంటనగరములకంటె తగిన చోటు లేదు. మోండానుండి కొలది మైళ్ల దూరమున తార్నాకలో నున్న భారతీయ రసాయన సాంకేతిక సంస్థ, 1944లో హైదరాబాదు సంస్థాన ప్రభుత్వము నెలకొల్పిన ప్రయోగశాలలనుండి పెరిగి, 1956లో సి.ఎస్.ఐ.ఆర్. కుటుంబమున చేరినది. ఆ చేరువనే సి.సి.ఎం.బి. అను కణ, అణుజీవశాస్త్ర కేంద్రమును, భూభౌతిక పరిశోధన సంస్థయు, ఉస్మానియా విశ్వవిద్యాలయమును గలవు. రాజేంద్రనగరున వరి పరిశోధన సంస్థయు, పటాన్‌చెరువున ఇక్రిశాట్‌ను, శామీర్‌పేట ప్రాంతమున టీకాల కర్మాగారములును వెలసినవి. ఇన్ని విద్యాస్థానము లొక్కచోట చేరుట తెలుగువారి భాగ్యము. ఆ భాగ్యమును లెక్కపెట్టుకొని మురియుటతో తృప్తి చెందవలెనా, దానివలన ఫలమును పొందవలెనా యనునది మన చేతిలోని పని.

పేటెంటనగా నేమో ముందుగా తేటపరచుట మంచిది. భూవసతి గల మా పాఠకులకు పట్టా యనిన వివరింప నక్కరలేదు. పేటెంటును నొకవిధమైన పట్టాయే. అంతకుముందు లోకమునకు తెలియనిదియు, ఆ విద్యలో నారితేరినవానికి సైతము సులభముగ తోచనిదియు, పరిశ్రమలో నుపయోగింపదగినదియునగు కల్పనమును దాపఱికము లేక వెల్లడించినవానికి, ఇతరులు దానిని తయారుచేయకుండను, అమ్మకుండను వారించు హక్కును ప్రభుత్వ మొసంగును. దరఖాస్తు తేదీనుండి 20 సంవత్సరములు గడచిన పిదప అది యెల్లవారి సొత్తగును. భూమికి శిస్తున్నట్లే పేటెంటునకును మూడవ యేటినుండి యేటేట రుసుము గలదు. ఏండ్లు గడచినకొలది ఆ రుసుము పెరుగును. కట్టకున్న హక్కు పోవును. మఱియు నే దేశమున పొందిన పట్టా యా దేశముననే చెల్లును. మిసిసిపీవారి హక్కుపత్రము అమెరికా విపణినే గాని మోండాలోని పసుపు దుకాణమును తాకజాలకుండెను. అటులే మన హైదరాబాదు సంస్థలకు చెన్నపట్టణపు పేటెంటు కార్యాలయమువా రిచ్చిన పత్రము చికాగోలో చెల్లదు. కావున నే కల్పనమునకు పట్టా పొందవలెను, ఏయే దేశములందు పొందవలెను, ఎంతకాలము శిస్తు కట్టవలెను, ఎవరికి కౌలున కీయవలెను అను నాలుగు ప్రశ్నలకు సమాధానము చెప్పగలవాడే ఈ యాస్తికి తగిన కామందు. ఆ ప్రశ్నలు వేసికొనక పట్టాలను పోగుచేయువాడు పెట్టెకు తాళము వేసికొన్నవాడే గాని పొలము దున్నినవాడు కాడు.

నేడు దేశమున పట్టాలకు కొదువ లేదు. 2022-23లో మన పేటెంటు కార్యాలయమువారు 34,134 పేటెంట్లు మంజూరు చేయగా, 2023-24లో 1,03,057 మంజూరు చేసిరి. కార్యాలయము చుఱుకుదనము నలవరచుకొనుట మెచ్చదగినదే. 2021లో విద్యాసంస్థలకు దరఖాస్తు రుసుములో నూటికి 80 వంతులు తగ్గించిరి. అదియు సదుద్దేశముతో జరిగిన పనియే. కాని విద్యాసంస్థలకు స్థానములు నిర్ణయించు జాతీయ పట్టికలో ప్రచురితమైన పేటెంట్లకును, మంజూరైన పేటెంట్లకును మార్కులున్నవి. రుసుము తగ్గెను; సంఖ్యకు ప్రతిఫలము దొరకెను. ఇక సంఖ్య పెరుగుటలో వింత యేమున్నది? ఉపయోగమునకు కాక పట్టికకొఱకు దరఖాస్తులు పుట్టుట కిది రాచబాట. దరఖాస్తు ప్రచురితమగుట యనగా నది 18 మాసముల పిదప బహిరంగమగుట మాత్రమే. దానివలన కల్పనమునకు యోగ్యత సిద్ధింపదు. దీనిని ఘనకార్యముగ చాటుకొనుట, భూమికై అర్జీ పెట్టినవాడు ధాన్యరాశి చూపినట్లుండును.

ఈ మాట మేమొక్కరమే చెప్పుటలేదు. 2017లో సి.ఎస్.ఐ.ఆర్. ప్రధాన సంచాలకులుగ నుండిన డాక్టర్ గిరీశ్ సాహ్ని గారు తమ ప్రయోగశాలల పేటెంట్లలో పెక్కు, శాస్త్రజ్ఞుని యోగ్యతాపత్రమును పెంచుట కుపకరించు ‘బయోడేటా పేటెంట్లు’ మాత్రమేయని బాహాటముగ విమర్శించిరి. అంతకు ముందటి మూడేండ్లలో పేటెంట్లపై మండలి వెచ్చించిన సొమ్ము 50 కోట్ల రూపాయలని నాడు పత్రికలు ప్రకటించినవి. ఇంటి పెద్దయే యింటి దుబారాను వేలెత్తి చూపుట మన దేశమున నరుదు. ఆ నిజాయితీకి మేము జోహారు లర్పించుచున్నాము. పసుపు విషయమున ప్రపంచముతో పోరాడి గెలిచిన సంస్థయే తన పెట్టెను తానే తెఱచి చూచుకొని యీ మాట యనవలసివచ్చె ననినచో, తక్కిన సంస్థల స్థితి నూహించుట కష్టము కాదు.

మోండాలో కూరగాయల వర్తకుని వ్యవహారమును గమనింపుడు. తెల్లవారుజామున దిగిన సరుకులో నేది యీ పూట చెల్లునో, ఏది రేపటికి నిలుచునో, దేనిని సాయంకాలమునకు సగము ధరకైన వదిలించుకొనవలెనో అతనికి తెలియును. వాడిన తోటకూరను గంపలో దాచి, తన యొద్ద నూఱు గంపలున్నవని యతడు గొప్పలు చెప్పుకొనడు. గంప యుంచిన జాగాకు నద్దె యున్నదని యెఱుగును. పేటెంటును వాడిపోవు సరుకే. దాని యిరువది యేండ్లలో సగము, ప్రయోగశాలనుండి కర్మాగారమునకు చేరులోపలనే కరగిపోవుట గలదు. విదేశములందు దానిని నిలుపుకొనుటకగు న్యాయవాదుల రుసుములు, అనువాదపు ఖర్చులు, వార్షిక రుసుములు స్వదేశపు ఖర్చునకు పెక్కురెట్లుండును. ఆ ఖర్చు పన్ను చెల్లించు రైతుదియు, వర్తకునిదియు, గుమాస్తాదియు. అమ్ముడుపోని సరుకునకు ప్రజల సొమ్ముతో అద్దె కట్టుచుండుట ధర్మమా?

చట్టమే ఈ యాలోచనకు మజిలీల నేర్పరచినది. స్వదేశమున తొలి దరఖాస్తు చేసిన పిదప 12 మాసములలోపల విదేశములకు పోవలెనా వలదా యని నిర్ణయింపవలెను. అంతర్జాతీయ ఒడంబడిక ననుసరించి దరఖాస్తు చేసినచో, తొలి తేదీనుండి 30, 31 మాసములవరకు ఏయే దేశములను ఎన్నుకొనవలెనో తేల్చుకొనుటకు వ్యవధి గలదు. అటుపై ప్రతి సంవత్సరము రుసుము కట్టుదినమే పునర్విచారణ దినము. ఔషధమైనచో రోగులెచ్చట నున్నారు, తయారుచేయు పోటీదారులెచ్చట నున్నారు అని చూడవలెను. ఒక్క దేశముననే తయారగు వస్తువైనచో ఆ యొక్క దేశపు పట్టాయే చాలును. ఈ మజిలీలలో నాగి ప్రశ్నించు నలవాటు లేనిచోట ఖర్చు దానంతటనదే నడచును. ఫలము మాత్రము దానంతట రాదు.

పట్టాలో మొదట చూడవలసినది పేరు. కలిసి చేసిన సేద్యమున వాటాలు విత్తుటకు ముందే వ్రాసికొనవలెనని మన పల్లెలలో నెఱుగనివారు లేరు. కోవాగ్జిన్ టీకా విషయమున నేమి జరిగెనో చూడుడు. 2020లో భారత వైద్య పరిశోధన మండలికి చెందిన పుణె జాతీయ వైరాలజీ సంస్థ వైరసును వేరుచేసి యీయగా, మన నగరమునందలి భారత్ బయోటెక్ సంస్థ దానిని టీకాగ తీర్చిదిద్దెను. ఒప్పందము ప్రకారము అమ్మకములపై మండలికి నూటికి 5 వంతుల రాయల్టీ గలదు; 2022 ఆరంభమునాటికే 170 కోట్ల రూపాయలకు పైగా ముట్టినది. ఇంతవరకు మేలైన యేర్పాటే. కాని పేటెంటు దరఖాస్తులలో మండలి పేరు సహ స్వామిగ లేదన్న సంగతి 2024 జూనులో వెల్లడియైనది. అది తొందరలో నుద్దేశరహితముగ జరిగిన పొరపాటని కంపెనీవారు చెప్పి, మండలి పేరును చేర్చుటకు పూనుకొనిరి. మేము ఆ మాటను శంకింపము. మా ప్రశ్న మండలివారిని గూర్చి. మహమ్మారి కాలమున ప్రజాధనముతో పుట్టిన కల్పనమునకు పట్టా యెవరి పేరిట వ్రాయబడినదో ప్రజాసంస్థ తానై కనిపెట్టి చూడవలసిన పని లేదా? ఢిల్లీలోని మహామండలికే ఈ యవస్థ పట్టినప్పుడు, న్యాయవాది నైన నియమించుకొనజాలని జిల్లా విశ్వవిద్యాలయము గతి యేమి?

పేరు తరువాత చూడవలసినది తేదీ. మన పండితుల కొక యుత్సాహమున్నది: క్రొత్త విషయము తెలిసినవెంటనే వ్యాసము ప్రకటింతురు. విద్యకది శోభయే, కాని ప్రకటించిన పిదప నది లోకమునకు తెలిసిన విషయ మగుటచే, పెక్కు దేశములందు పేటెంటునకు తావుండదు. విద్వత్సభలో చదివిన పత్రమువంటి కొన్నింటికి మన చట్టము 12 మాసముల మినహాయింపు నిచ్చినను, ఇతర దేశములందు దాని కాధారము లేదు. 1975లో కేంబ్రిడ్జిలో మిల్‌స్టైన్, కోలర్ గార్లు మోనోక్లోనల్ యాంటీబాడీలను తయారుచేయు విద్యను ప్రకటించిరి. వారికి 1984లో నోబెల్ బహుమానము వచ్చెను. కాని దాని విలువను సకాలమున గ్రహింపక బ్రిటిషు అధికారులు పేటెంటునకు పూనుకొనలేదు. తరువాత నా విద్యపై మహాపరిశ్రమలు లేచినవి. ముందు దరఖాస్తు, వెనుక వ్యాసము. ఈ రెండింటి నడుమ పట్టునది కొన్ని వారములే గనుక, విద్యకు దీనివలన నష్టమేమియు లేదు.

పట్టా పొందినపిదప అసలు పని యారంభమగును. అది కౌలు. 1973లో స్టాన్‌ఫర్డ్, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయముల శాస్త్రజ్ఞులు కోహెన్, బోయర్ గార్లు జన్యువులను కోసి యతుకు విద్యను వెల్లడించిరి. అమెరికా చట్టము ప్రచురణ పిదప నొక సంవత్సరము గడువిచ్చును. ఆ గడువు వారము రోజులలో ముగియు ననగా 1974 నవంబరులో దరఖాస్తు పడినది. ఇతర దేశముల హక్కు అప్పటికే చేజారినది. అయినను స్టాన్‌ఫర్డు వారొక వివేకము చూపిరి. ఒక్క కంపెనీకి గుత్త కీయక, కోరిన యెల్లరకు స్వల్ప రుసుముపై లైసెన్సు లిచ్చిరి. 468 కంపెనీలు పుచ్చుకొనెను. 1997లో గడువు తీరునప్పటికి 25 కోట్ల డాలర్లకు పైబడిన రాబడి వచ్చెను. ఒక పరిశ్రమయే పుట్టెను. పెద్ద కౌలుదారు నొక్కనిని నమ్ముకొనుటకంటె చిన్న కౌలుదారులను పెక్కుమందిని నిలుపుట లాభకర మని దీనివలన తేలుచున్నది.

మనకును మంచి యుదాహరణము లేకపోలేదు. ఔషధ పదార్థమునకు కాక దానిని తయారుచేయు పద్ధతికి మాత్రమే పేటెంటు నిచ్చు చట్టము మన దేశమున 1970లో శాసనమై 1972లో నమలునకు వచ్చినది. జస్టిస్ రాజగోపాల అయ్యంగారు 1959లో సమర్పించిన నివేదిక దానికి మూలము. ఆ చట్టపు నీడలో తార్నాక రసాయన సంస్థ, డాక్టర్ ఎ.వి. రామారావు గారి నాయకత్వమున, ఎయిడ్స్ వ్యాధికి వాడు జిడోవుడిన్ ఔషధమును చౌకగ తయారుచేయు పద్ధతిని రూపొందించెను. సిప్లా కంపెనీ దానిని గైకొని 1993లో ఔషధమును విపణిలోనికి తెచ్చెను. ఆ కంపెనీయే 2001లో మూడు మందుల చికిత్సను, పాశ్చాత్య దేశములలో సంవత్సరమునకు 10,000 డాలర్లకు పైబడిన దానిని, 350 డాలర్లకే సేవాసంస్థల కిచ్చెదనని ప్రకటించి ఆఫ్రికా ఖండమునకు ప్రాణవాయువు పోసినది. ప్రయోగశాలలోని విద్య సరియైన చేతికి సకాలమున చేరెనేని యేమి జరుగునో దీనినిబట్టి తెలియుచున్నది.

ఆ కాలము గడచినది. 2005 జనవరి 1 తేదీనుండి ఔషధ పదార్థములకే పేటెంటు నీయవలసి వచ్చినది. పద్ధతి మార్చి తయారుచేయు పాతబాట మూతపడినది. పరుల పట్టా యెంత బరువో మన నగరమే చూచినది. కాలేయ, మూత్రపిండ క్యాన్సర్లకు వాడు నెక్సవార్ మందును బేయర్ కంపెనీ నెలకు సుమారు 2,80,000 రూపాయల కమ్ముచుండగా, హైదరాబాదు నాట్కో కంపెనీ 8,880 రూపాయల కిచ్చెదనని ముందుకు వచ్చినది. 2012 మార్చి 9 తేదీన పేటెంటు కంట్రోలరు నిర్బంధ లైసెన్సు మంజూరు చేసెను. దేశమున నదియే మొదటిది. పేటెంటుదారునికి నూటికి 6 వంతుల రాయల్టీ నిర్ణయించిరి. తరువాత దానిని 7 వంతులు చేసిరి. ప్రజలకు సరసమైన ధరకు దొరకని పేటెంటును చట్టము మన్నింప దనుట యందలి సారాంశము. పరదేశపు కంపెనీకి వర్తించిన యీ ధర్మము మన ప్రజాసంస్థల పేటెంట్లకు వర్తింపవలదా? తన కల్పనమును తాను వాడక, పరుల వాడనీయక, పెట్టెలో బిగించిన ప్రజాసంస్థ యే మొగముతో విదేశీ గుత్తదారుని నిందింపగలదు?

ఇచ్చట నొక పూర్వపక్షము గలదు. ప్రజాధనముతో పుట్టిన విద్య ప్రజలది. దానికి పేటెంటేల, రాయల్టీ యేల యని కొందఱు పెద్దలందురు. విద్యాదానము పరమధర్మమని నమ్మిన దేశమున నీ మాట హృదయమునకు తాకును. మేము దానిని తేలికగ త్రోసివేయము. కాని దానమునకును విధి యున్నది. వదలిపెట్టిన పొలము ఊరుమ్మడి కాదు, ముందుగ వచ్చి కంచె వేసినవానిది యగును. విద్యను లోకమునకు విడువ దలచిన సంస్థ దానిని స్పష్టముగ, తేదీతో, పరీక్షకులకు దొరకుచోట ప్రకటింపవలెను. అట్లు ప్రకటించిన విషయముపై నిక నెవ్వనికిని పేటెంటు రాదు. పసుపును కాపాడినది 1953 నాటి వ్యాసమువంటి ప్రచురణములే కదా! కాబట్టి ఉద్దేశపూర్వకముగ విడుచుట దానము; అశ్రద్ధచే విడుచుట దుర్వినియోగము. ఇక టీకా, ఔషధమువంటి వానిని విపణికి తెచ్చుటకు కంపెనీలు కోట్లు వెచ్చింపవలసియుండును; కొంత రక్షణ లేనిదే యెవ్వడును ముందుకు రాడు. అట్టిచోట పేటెంటు తగును. అయితే షరతులతో కూడిన కౌలుగ తగును.

భూమి గల మా పాఠకులకు మఱింత దగ్గరి విషయము విత్తనము. మన చట్టమున మొక్కలకును, విత్తనములకును పేటెంటు లేదు; 2001 నాటి వృక్షజాతుల రక్షణ, రైతుహక్కుల చట్టము వేఱుగ గలదు. రైతు తా పండించిన విత్తనమును దాచుకొనుటకును, తిరిగి విత్తుటకును, మార్చుకొనుటకును, బ్రాండు పేరు లేకుండ నమ్ముకొనుటకును ఆ చట్టము హక్కు నిచ్చినది. బాపట్లలో రూపొంది 1986లో విడుదలైన సాంబ మసూరి యెన్ని యిండ్లలో నన్నమైనదో చెప్పనక్కరలేదు. దానికి బాక్టీరియా ఆకుఎండు తెగులును తట్టుకొను శక్తి నిచ్చి, సి.సి.ఎం.బి.వారును వరి పరిశోధనవారును 2008లో మెఱుగుపరచిన సాంబ మసూరిని వెలువరించిరి. జంట సంస్థల విద్య రైతు గడపకు చేరిన యీ బాట యాదర్శప్రాయము. దీనికెదురుగా ప్రత్తి విత్తనము గలదు. బి.టి. ప్రత్తి సంచి వెల 1,850 రూపాయలుండగా నందులో 1,250 రూపాయలు గుణమునకు రుసుమని వసూలు చేయుటపై 2006లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము గుత్తవ్యాపార నియంత్రణ కమిషను నాశ్రయించి, చివరకు సంచి వెలను 750 రూపాయలకు దింపినది. ప్రజాసంస్థల యొద్ద దీటైన గుణము సకాలమున సిద్ధముగ నుండిన, రైతునకు కోర్టు మెట్ల యవసర మేమి?

అమెరికాలో 1980 నాటి బే-డోల్ చట్టము ప్రభుత్వ ధనముతో జరిగిన కల్పనములను విశ్వవిద్యాలయములే సొంతము చేసికొని లైసెన్సు లిచ్చుకొనుటకు వీలు కల్పించినది. దానిని చూచి 2008లో మన రాజ్యసభలో నొక బిల్లు ప్రవేశపెట్టిరి. విమర్శలపాలై 2014లో నది ఉపసంహృతమైనది. ఆ బిల్లు పోయినందుకు మేము విలపింపము. పరదేశపు అచ్చును తెచ్చి మన గోడకు తగిలించుట పరిష్కారము కాదు. కాని ఆ స్థానమున మఱియేదియు రాకుండుట శోచనీయము. చట్టము రాకున్నను సంస్థలు తమంత తాము చేయదగిన పనులు కొన్ని గలవు.

మొదటిది, దరఖాస్తునకు ముందే విచారణ. ప్రతి సంస్థలోను శాస్త్రజ్ఞునితోపాటు విపణి నెఱిగినవానిని, న్యాయము నెఱిగినవానిని కూర్చుండబెట్టి, ఈ కల్పన మెవరికి కావలెను, ఎవరు తయారుచేయగలరు, పట్టా లేకున్న నష్ట మేమి యని యడుగవలెను. సమాధానము లేనిచో వ్యాసముగ ప్రకటించి ఊరకుండవలెను. రెండవది, కూడి చేయు ప్రతి పనికిని పరిశోధన మొదలుకాకముందే పేరు, వాటా, రాయల్టీ వ్రాసికొనవలెను. ఆ వ్రాత దరఖాస్తు నింపువాని చేతిలో నుండవలెను. మూడవది, యేటేట పెట్టె తెఱచి చూడవలెను. పనికిరానివానిని బహిరంగముగ విడిచిపెట్టి, వీనిని ఎవ్వరైన వాడుకొనవచ్చునని చాటవలెను. చిన్న కర్మాగారము నడుపు యువకునకు ఆ జాబితాయే పెట్టుబడి కావచ్చును. నాల్గవది, మందులు, టీకాలు, విత్తనములకు లైసెన్సు పెక్కుమంది కిచ్చుట నియమముగను, ఒక్కనికే యిచ్చుట మినహాయింపుగను ఉండవలెను. ఒక్కని కిచ్చినచో, ఫలాని తేదీలోపల తయారీ మొదలుపెట్టవలెననియు, స్వదేశమున సరసమైన ధర కమ్మవలెననియు, తప్పిన లైసెన్సు తిరిగి సంస్థకు చేరుననియు షరతు వ్రాయవలెను.

అయిదవది, లెక్క చెప్పవలెను. పేటెంటు వాడుకలో నున్నదా లేదా యని తెలుపు ప్రకటన నేటేట దాఖలు చేయవలెనను నియమమును 2024లో సడలించి, మూడేండ్ల కొకమాఱు చాలు ననిరి. పరిశ్రమలవారికి శ్రమ తగ్గెనేమో. కాని ప్రజాధనముతో నడచు సంస్థ యీ సడలింపు చాటున దాగుట తగదు. తన యొద్ద నున్న పేటెంట్లెన్ని, వానిలో కౌలున కిచ్చినవెన్ని, వచ్చిన రాబడి యెంత, వానిని నిలుపుటకైన ఖర్చెంత, విడిచినవెన్ని యను నైదు సంఖ్యలను ప్రతి సంస్థయు ప్రతి సంవత్సరము బహిరంగపరచవలెను. సంస్థలకు స్థానములు నిర్ణయించువారును పొందిన పేటెంట్లకు కాక వాడుకలోనికి వచ్చిన పేటెంట్లకు మార్కులిచ్చినచో, సగము రోగము మందు లేకయే కుదురును.

రాబడియే సర్వమని మా యభిప్రాయము కాదు. ప్రాథమిక పరిశోధనకు పేటెంటు కొలబద్ద కానేరదు. నేడు ఫలము కనబడని విద్యయే ఎల్లుండి ప్రాణాధారము కావచ్చును. ఒక్క పేటెంటు నైన పొందని మహాశాస్త్రజ్ఞుని మేము తక్కువగ నెంచము. మేము కోరునది వేఱు. పట్టా పుచ్చుకొన్నవాడు కామందు ధర్మము నెరవేర్పవలెను. పొలము నెఱుగక, విత్తక, కౌలున కీయక, శిస్తు మాత్రము ఊరివారిచే కట్టించు కామందును మన పల్లెలు గౌరవింపవు.

1944లో ప్రయోగశాలలు పుట్టిననాటికి ఈ నగరము పరుల మందుల నమ్ముకొని బ్రతికినది. నేడు లోకమునకు టీకాలు పంపుచున్నది. ఈ మార్పు పట్టాల సంఖ్యవలన రాలేదు. తెలిసిన విద్యను చేసి చూపిన చేతులవలన వచ్చినది. తార్నాక, రాజేంద్రనగర సంస్థల పాలకవర్గములు, మన విశ్వవిద్యాలయముల ఉపాధ్యక్షులు, వారిపై నధికారము గల ఉభయ ప్రభుత్వములవారు ఈ సంవత్సరమే తమ తమ పెట్టెలను తెఱచి లెక్క ప్రకటింతురు గాక! అడుగుట ప్రజల హక్కు. అడుగకుండుట ప్రజల తప్పు.